గింజలోని నీటిబొట్టు

పొయ్యి మీద పాప్‌కార్న్ ఉన్నంతసేపూ తెనాలిలో మా పిన్ని వంటింట్లో ఎవరూ నోరు విప్పకూడదు. టీవీ ఆపేయాలి, పక్క పొయ్యి మీది కుక్కర్ దింపేయాలి. ఆవిడ కళ్ళు ఎటో ఉంటాయి, చెవి మాత్రం గిన్నె మూత మీద ఉంటుంది. మొదట ఒకటీ అరా టప్పుమంటాయి, ఆ తర్వాత వడగళ్ళ వాన. వాన సన్నగిల్లాక పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంటుంది. ఒక చప్పుడుకీ మరో చప్పుడుకీ మధ్య ‘ఒకటి, రెండు’ అనుకునేంత ఎడం రాగానే స్టవ్ కట్టేస్తుంది. మూడు దాకా ఆగితే అడుగు మాడుతుంది, ఒకటికే కట్టేస్తే గింజలు మిగులుతాయి.

పాప్‌కార్న్‌లో పనితనం ఏముంది, గింజలు పోసి మూత పెట్టడమేగా అనుకునేవాణ్ణి. ఆవిడ పక్కన నాలుగైదుసార్లు నిలబడ్డాక తెలిసింది, ఈ పని మొదటినుంచి చివరిదాకా నీటితో వ్యవహారం. గింజ పేలేదీ నీటివల్లే, పేలిన పువ్వు మెత్తబడి పాడయ్యేదీ నీటివల్లే. ఉండాల్సిన చోట నీటిని ఉంచడం, ఉండకూడని చోటినుంచి తరిమెయ్యడం, పిన్ని చేసేదంతా ఇదే.

పొలంలో కోసుకొచ్చి బొగ్గుల మీద కాల్చుకునే కంకుల గింజలు ఇలా పేలవు. పాప్‌కార్న్ జాతి వేరు. దాని తొక్క గట్టిది. లోపల గాజులా బిగిసిన పిండిపదార్థం, గింజ బరువులో సుమారు 14 శాతం నీరు. వేడికి ఆ నీరు ఆవిరై, బయటికి దారి లేక తొక్కను తోస్తుంది. లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి తొమ్మిది రెట్లకు చేరేసరికి తొక్క చిట్లుతుంది. ముద్దలా కరిగిన పిండి నురగలా పొంగి అక్కడికక్కడే గట్టిపడుతుంది. ఫ్రాన్స్‌లో విరో, పొనొమారెంకో అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని కొలిచి 2015లో ప్రచురించారు. 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర నూటికి 34 గింజలే పేలాయి, 180 దగ్గర 96 పేలాయి. ఆ చప్పుడు తొక్క పగలడంవల్ల రాదనీ, ఆవిరి ఒక్కసారిగా తప్పించుకోవడంవల్ల వస్తుందనీ కూడా తేల్చారు. అంటే పిన్ని చెవొగ్గి వినేది నీరు గడప దాటే చప్పుడు.

ఆ చెవి ఆవిడకి జొన్నల దగ్గర వచ్చింది. తొలి ఏకాదశికి పేలాల పిండి చేయడం వాళ్ళ పుట్టింటి ఆనవాయితీ. జొన్నల మీద నీళ్ళు చిలకరించి, గుడ్డలో మూటకట్టి ఉంచి, పైతడి ఆరాక, కాలిన మూకుట్లో పిడికెడు చొప్పున వేసి పేలాలు వేయించేవారట. వాటిని దంచి బెల్లం, యాలకులు కలిపితే పేలాల పిండి. ఇప్పుడు పాప్‌కార్న్ గింజల సీసానీ ఆవిడ అదే కంటితో చూస్తుంది. పేలకుండా మిగిలేవి ఎక్కువైతే, “గింజకి దాహం వేసిందిరా” అని సీసాలో చెంచాడు నీళ్ళు పోసి, మూత బిగించి, రోజుకోసారి కుదుపుతూ మూడు నాలుగు రోజులు వదిలేస్తుంది. ఎండిన గింజ ఆ నీటిని తాగి మళ్ళీ పేలుతుంది. తొక్క బీటలిచ్చిన గింజకి మాత్రం మందు లేదు, అందులో ఆవిరి నిలవదు.

గిన్నె అడుగు మందంగా ఉండాలి. అరకప్పు గింజలకి మూడు చెంచాల నూనె. ముందు మూడే గింజలు వేస్తుంది. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టు, నూనె కాగిందో లేదో ఈ మూడూ చెబుతాయి. అవి పేలాక మిగతావి పోసి, గిన్నెను దింపి ముప్పై అంకెలు లెక్కపెడుతుంది. ఆ అర నిమిషంలో గింజలన్నీ ఇంచుమించు ఒకే వేడికి వస్తాయి, మళ్ళీ పొయ్యెక్కించాక దాదాపు ఒకేసారి పేలుతాయి. మూత పూర్తిగా మూయదు, వేలి మందం సందు ఉంచుతుంది. గింజలోంచి బయటపడ్డ ఆవిరికి అదే దారి. బిగించేస్తే ఆ ఆవిరే నీరై పువ్వుల మీద పడి, నమిలితే తోలులా సాగుతాయి.

రుచి పట్టించడం అసలు విద్య. పొడి పువ్వు మీద ఉప్పు చల్లితే రాలిపోతుంది, తడి చేస్తే పువ్వే ముడుచుకుపోతుంది. నేనొకసారి గొప్పకి వెన్న కరిగించి పోశాను. పువ్వులు నా కళ్ళముందే కుంచించుకుపోయాయి. వెన్నలో దాదాపు ఆరో వంతు నీరే మరి. పిన్ని నవ్వి, “కాచి పోయాల్సింది నాన్నా. నెయ్యి ఎందుకు కాస్తామనుకున్నావు?” అంది.

ఆవిడ కరివేపాకు కారం చూడాలి. ఆకు నీడన ఆరబెట్టి గలగలలాడేదాకా వేయిస్తుంది. ఎండుమిర్చి, జీలకర్ర, పుట్నాలపప్పు విడివిడిగా వేగుతాయి. వెల్లుల్లిలో తడి ఉంటుంది కనక రెబ్బల్ని సన్నగా తరిగి, ఎర్రగా కరకరలాడాకే మిక్సీలో వేస్తుంది. ఉప్పు కూడా అందులోనే మైదాలా నలగాలి, పలుకు ఉంటే పువ్వుకి అంటదు. పులుపుకి నిమ్మకాయ పిండదు, చిటికెడు నిమ్మ ఉప్పు కలుపుతుంది. పిడతకింద పప్పు బండి దగ్గర మరమరాల్లో నిమ్మరసం పిండుతారు కదా అంటే, “అది అక్కడే నిలబడి తినేదిరా, ఇది నాలుగు రోజులుండాలి” అంటుంది. ఒక చేత్తో గోరువెచ్చని నెయ్యి సన్నటి ధారగా పోస్తూ, ఇంకో చేత్తో గిన్నె ఎగరేస్తుంది. ఆ వెంటనే పొడి, మూడు విడతలుగా.

బెల్లం పాకానికి నీళ్ళు ముక్కలు తడిసేంతే పోస్తుంది. పోసిన ఆ కాసిని నీళ్ళూ ఎగిరిపోయేదాకా దింపదు. పక్కన పళ్ళెంలో చన్నీళ్ళు పెట్టుకుని చుక్క వేసి చూస్తుంటుంది. మెత్తని ఉండ కడితే అది అరిసెల పాకం, దీనికి చాలదు. ఉండను పళ్ళేనికేసి కొడితే ఠంగుమనాలి. అప్పుడు చెంచాడు నెయ్యి, చిటికెడు వంటసోడా. సోడా పడగానే పాకం నురగెత్తి రంగు తేలుతుంది. ఆ సన్నని బుడగలవల్లే పాకం రాయిలా బిగుసుకోకుండా పంటి కింద పొడిపొడిగా విరుగుతుంది. పువ్వుల్ని ముందే వెడల్పు బేసిన్‌లో కుదిపి, పైపైన చేత్తో ఎత్తుకుంటుంది, పేలని గింజలు అడుగున ఉండిపోతాయి. పాకంలో దాగిన ఒక్క గింజ చాలు పన్ను విరగడానికి. నెయ్యి రాసిన రెండు గరిటెలతో కిందినుంచి పైకి కలిపి, పళ్ళెంలో పరవడం పాకం బిగిసేలోగా జరిగిపోవాలి. అప్పుడు కూడా ఎవరూ మాట్లాడకూడదు.

పూర్తిగా చల్లారితే గాని డబ్బాకెత్తదు. వెచ్చగా ఉండగా మూత పెడితే డబ్బా లోపల చెమ్మ పడుతుంది. అన్నీ అయ్యాక బేసిన్ అడుగున మిగిలిన గింజల్ని అరచేతిలో పోసుకుని లెక్కపెడుతుంది. నేను చూసిన రోజున పదకొండు. “పోయినసారి తొమ్మిదే” అని మొహం చిన్నబుచ్చుకుంది.

ఆవిడిచ్చిన గింజల సీసా హైదరాబాద్ తెచ్చుకున్నాను. రెండు నెలల తర్వాత తీశాను. అదే కొలత, అదే నూనె, ముందు మూడు గింజలు, ముప్పై అంకెలు. అయినా అడుగున గుప్పెడు మిగిలాయి. ఫోన్ చేశాను. పిన్ని మంట సంగతి అడగలేదు, నూనె సంగతి అడగలేదు.

“సీసా మూత బిగించావా?” అంది.

వెళ్ళి చూశాను. మూత ఒక చుట్టు వదులుగా ఉంది.