టైరు ముక్కలా, కంకరా? - ఒక నమూనాపై విమర్శ

లింగాల ఘనపూర్ ప్రాంతమున ఒక పాఠశాల వైజ్ఞానిక ప్రదర్శనలో రెండు గాజు తొట్లు చూచితిని. ఒకదాని అడుగున కంకర, రెండవదాని అడుగున తరిగిన పాత టైరు ముక్కలు. రెండింటిపైనను జానెడు చెత్త. నీరు పోయగా రెండింటను వేగముగనే దిగినది. కావున చెత్తను పూడ్చు గుంటలలో కంకరకు బదులు టైరు ముక్కలు పరచవచ్చునని విద్యార్థులు తీర్మానించిరి. ప్రశ్న చక్కనిది, ప్రయోగము మాత్రము సగమే.

గుంట అడుగున ఈ పొర ఎందులకు? చెత్తపై పడిన వాననీరు అందలి లవణములను, లోహములను, కుళ్లిన పదార్థములను కరగించుకొని నల్లని ఊటగా మారును. హైదరాబాదు చెంత జవహర్‌నగర్ చెత్తగుట్ట ఊటవలన మల్కారం చెరువు చెడినది. ఇట్టి హాని కలుగకుండుటకై 2016 నాటి కేంద్ర నిబంధనలు గుంట అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టిని, దానిపై 1.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పొరను విధించినవి. ఆ పొరపై ఊట నిలువక గొట్టములలోనికి పోవుటకు పరచునదే పారుదల పొర.

టైరు ముక్కల గుణములు కాదనరానివి. అవి రాతికంటె తేలిక. వాని నడుమ ఖాళీలు పెద్దవి. బెంజీను వంటి పదార్థములను కొంత పీల్చుకొనును. టైర్లను చెత్తగుంటలలో పారవేయరాదన్న ఐరోపా వారి 1999 నాటి ఆదేశము కూడ, గుంట నిర్మాణమునకు వాడు టైర్లను మినహాయించినది.

అయితే నమూనాలో కనిపించనివి మూడు గలవు. మొదటిది బరువు. నిజమైన గుంటలో చెత్త పదుల మీటర్ల ఎత్తు పేరుకొనును. ఆ బరువునకు కంకర అంతగా కుంగదు. రబ్బరు పొర సగమువరకు అణగిపోవచ్చును. ఖాళీలు తగ్గినకొలది పారుదలయు తగ్గును. రెండవది ఉక్కుతీగ. తెగిన తీగల మొనలు ప్లాస్టిక్ పొరను గుచ్చగలవు. మూడవది నిప్పు. కంకర మండదు, రబ్బరు మండును. అమెరికాలోని అయోవా సిటీలో 2012 మే నెలలో గుంట అడుగున పరచిన టైరు ముక్కలే అంటుకొని సుమారు ఏడున్నర ఎకరముల మేర కాలినవి. మంట రెండు వారములకు పైగా సాగినది.

మన జనగామ ప్రాంతము గ్రానైటు నేల. భూగర్భజలము రాతి పగుళ్లలో నుండును. దానిపైననే మన బోరుబావులు ఆధారపడినవి. అడుగున బంకమట్టియు, ప్లాస్టిక్ పొరయు, ఊటగొట్టములును లేని ఊరి చెత్తదిబ్బలో టైరు ముక్కలు పరచిన ఏమగును? ఊట మరింత త్వరగా నేలలోనికి దిగును. అది పారుదల కాదు; టైర్లను పాతిపెట్టుటయే. పాత టైర్ల పునర్వినియోగ బాధ్యతను 2022 నాటి నిబంధనలు ఉత్పత్తిదారులపై నుంచినవి. ఆ భారమును ఊరి దిబ్బ మోయనక్కరలేదు.

ఉపాధ్యాయులు ఈ నమూనాను మూలపడవేయరాదు. రెండు తొట్లలోను పొరలపై ఒక పలక నుంచి, ఒక్కొక్క ఇటుకయే పెంచుచు, ప్రతిసారి పొర ఎత్తును, లీటరు నీరు దిగు కాలమును వ్రాయించవలెను. అయస్కాంతముతో ముక్కలలోని తీగలను వెదకించవలెను. నిప్పు సంగతి మాటలతో చెప్పిన చాలును. రబ్బరు పొగ విషము. ఇటుకలు పెరిగినకొలది రెండు తొట్ల అంకెలు వేరుపడును. అప్పుడు విద్యార్థులు తమ తీర్మానమును తామే సవరించుకొందురు.