కరువు సీమలో ఐసు గడ్డ

ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండే అనంతపురం ప్రాంతంలో, గాలిలో తేమే లేదని అందరూ చెప్పుకునే ఊళ్లలో, వంటింటి ఫ్రిజ్‌కు మాత్రం ఐసు దట్టంగా పట్టి, ఫ్రీజర్‌లోని ట్రే ఎంత లాగినా కదలకుండా బిగుసుకుపోవడం మొదటి చూపులో పొంతన కుదరని సంగతి. ఈ వారం ఆ సంగతిని ఈ శీర్షికకు ఎక్కించినవి పాతూరులో ఒక రిపేరు దుకాణం ముందు వరుసగా నిలబెట్టిన సింగిల్ డోర్ ఫ్రిజ్‌లు. వాటిలో కొన్నింటి ఫ్రీజర్ అడుగున స్క్రూడ్రైవరు మొన దిగిన గుర్తూ, దాని చుట్టూ జిడ్డుగా నూనె మరకా కనిపిస్తున్నాయి. వస్తువులు చెడిపోవడం తక్కువ, చెడగొట్టుకోవడమే ఎక్కువ అన్న ఈ శీర్షిక పాత ఫిర్యాదుకు అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో చల్లదనాన్ని పుట్టించేది ఫ్రీజర్ పెట్టె గోడే. రెండు పలుచని అల్యూమినియం రేకులను అతికించి, వాటి నడుమ సన్నని కాలువలు ఏర్పరచి, ఆ కాలువల్లో ఒక ద్రవం ఆవిరయ్యేలా చేస్తారు. ఆవిరి కావడానికి కావలసిన వేడిని ఆ ద్రవం గోడ నుంచీ, గోడ లోపలి గాలి నుంచీ లాక్కుంటుంది. ఐసును కత్తితో పొడిచినప్పుడు తెగే ప్రమాదమున్నది ఈ కాలువే. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో నింపేది ఐసోబ్యూటేన్, అంటే వంటగ్యాసులోని బ్యూటేన్ జాతికే చెందిన మండే వాయువు గనుక, చిల్లుపడితే పోయేది ఫ్రిజ్ ఒక్కటే అనుకోవడానికీ వీల్లేదు.

ఇక తేమ ఎక్కడిదన్న ప్రశ్న. వాతావరణ వార్తల్లో వినిపించే తేమ శాతాన్ని శాస్త్రంలో సాపేక్ష ఆర్ద్రత అంటారు. అంటే ఆ వేడిలో గాలి మోయగలిగిన ఆవిరిలో ఎన్నో వంతు నిజంగా ఉన్నదో చెప్పే లెక్క. నలభై డిగ్రీల ఎండలో అది 20 శాతమే ఉన్నా, ఘనపు మీటరు గాలిలో దాదాపు 10 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. మైనస్ 10 డిగ్రీల దగ్గర అదే గాలి 2 గ్రాములకు మించి మోయలేదు, కనుక తలుపు తెరిచిన ప్రతిసారీ లోపలికి చొరబడిన గాలి తన మిగులును ఫ్రీజర్ గోడకు అప్పజెబుతుంది. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో గాలిలోని ఆవిరి ఇంచుమించు రెట్టింపవుతుంది. దీనికి మూతలేని పుల్లగూర గిన్నే, తడి ఆరకుండా లోపలికి తోసిన గోగాకు కట్టలూ, పట్టు సడలిన తలుపు రబ్బరూ తోడైతే చెప్పేదేముంది! తలుపు సందున ఒక నోటు పెట్టి మూసి లాగితే, అది తేలిగ్గా జారి వచ్చేచోట రబ్బరు వదులైందని అర్థం.

అదే ఎండ గాలి మట్టికుండకు చేసే మేలును గురించి ఈ శీర్షిక ఎన్నిసార్లు రాసిందో పాఠకులకు గుర్తు చేయనక్కరలేదు, అయినా మరోసారి రాయక తప్పదు. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా ఊరిన నీరు పైన ఆవిరవుతూ లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది, గాలి ఎంత పొడిగా ఉంటే ఆ పని అంత చురుగ్గా సాగుతుంది. అందుకే నలభై డిగ్రీల మధ్యాహ్నం నీడలో ఇసుక మీద పెట్టిన అనంతపురం కుండలో నీరు పాతిక డిగ్రీల దాపుకు దిగుతుంది, ఉక్కపోతలో ఉడికే కోస్తాలో కుండ అంతగా పని చేయదు. తాగునీటి సీసాల కోసం రోజుకు పదిమార్లు తెరిచే ఫ్రిజ్ తలుపు వేసవిలో మూసే ఉంటే గోడ మీది ఐసు సగం తగ్గుతుందన్నది ఈ శీర్షిక చిరకాల వాదన. అయితే పాలకూ, దోసెల పిండికీ కుండ చాలదు గనుక, వాదన అక్కడ ఆగిపోతుంది.

పేరుకున్న ఐసు గోడకు బొంత కప్పినట్టే. లోపలి వేడి గోడను చేరనివ్వక కంప్రెసర్‌ను ఎక్కువసేపు తిప్పిస్తుంది. పొర అర సెంటీమీటరు దాటితే, రాత్రిపూట థర్మోస్టాట్ మర నడుమనున్న బటన్ నొక్కి కరగనివ్వాలని, గోరువెచ్చని నీళ్ల గిన్నె లోపల పెడితే త్వరగా తేలుతుందని, బిగిసిన ట్రేను ముందుకు గుంజకుండా అడుగు వదులయ్యేదాకా ఓపిక పట్టాలని ఉపదేశించి ముగించడమే ఈ వారపు ఉద్దేశం. కానీ ట్రే బిగుసుకోవడానికి కారణం వెతికితే వ్యవహారం వేరే దారి పట్టింది. పొడిగా పేరుకున్న ఐసు ట్రేను అంతగా పట్టుకోదు. కరెంటు పోయి పైపొర కరిగి, ఆ నీరు ట్రే అడుగుకు జారి, కరెంటు రాగానే అక్కడే గడ్డకడితేనే అది కదలనంటుంది.

ఆ కరెంటు కోతల ఊళ్లలోనే కొందరు పెద్దావిడలు, "ఐసు ఉంటేనే మేలు, కరెంటు పోయినా పాలు ఇరగవు" అంటూ బటన్ జోలికి పోనివ్వరు. దానిని అజ్ఞానమని తీసిపారేయడం సులభమే గాని, లెక్క వారి పక్షాన ఉంది: కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి, దీనినే గుప్తోష్ణం అంటారు, ఇది కిలో నీటిని 80 డిగ్రీలు చల్లార్చడానికి తీసివేయవలసినంత వేడి. ఐసును నెలనెలా ఊడ్చివేయాలన్న నియమం కోతలు లేని ఊళ్లకు సరిపోతుంది. కోతలున్న ఊళ్లలో ఆ నిల్వను పోగొట్టుకోమనడం తెలివి కాదు, దాన్ని గోడ మీద నుంచి సీసాల్లోకి మార్చుకోమనడమే సబబు. నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది గనుక ప్లాస్టిక్ సీసాలను మెడదాకా నింపకూడదు. అడుగు తుడిచి పెట్టకపోతే అవీ ట్రేలాగే అతుక్కుంటాయి.