పిన్నీసు పెట్టుకుండావా మే?

పుంగనూరు నుంచి మదనపల్లె కాలేజీకి బస్సెక్కే రోజుల్లో మా అమ్మ గడప దగ్గర రోజూ అడిగే మాట ఇది. క్యారియరు తీసుకున్నావా అన్నంత మామూలుగా అడిగేది. ఎందుకో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. ఓణీ మడతలో లోపలివైపు గుచ్చుకున్న ఆ పిన్నీసే నా మొదటి ఆయుధం. రద్దీలో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని రెండో చేత్తో తీయగలిగింది అదొక్కటే.

ఇప్పుడు పిన్నీసు స్థానంలో పెద్ద జాబితాలు వచ్చాయి. మహిళల పేజీల్లో 'మీ హ్యాండ్‌బ్యాగులో ఇవి ఉన్నాయా?' అనే తరహా వ్యాసం ఒక ప్రక్రియగానే స్థిరపడింది. పెప్పర్ స్ప్రే, విజిల్, కారం పొట్లం, చిన్న కత్తి. ఈ జాబితాను కథ చదివినట్టు చదివితే పాత్రలు బయటపడతాయి. దాడి చేసేవాడు ఎప్పుడూ అపరిచితుడు. చోటు చీకటి సందు. ఆమె భుజాన బ్యాగు ఉంటుంది. మరి మదనపల్లె మార్కెట్‌లో టమాటాలు ఏరే కూలీకి కొంగుముడి తప్ప బ్యాగేది? నమోదైన అత్యాచారాల్లో నూటికి తొంభైకి పైగా తెలిసినవాళ్ళు చేసినవేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. అయినా ఇంటికొచ్చే బంధువు, పాఠం చెప్పే మాస్టారు ఈ కథలో ఎక్కడా కనిపించరు.

పోనీ వస్తువుల గురించైనా సరిగ్గా చెబుతారా అంటే అదీ తక్కువే. గాలికి ఎదురుగా కొడితే స్ప్రే మన కళ్ళలోనే పడుతుంది. కిటికీలు మూసిన బస్సులో కొడితే పక్క సీట్లో చంటిబిడ్డకూ మంటే. దానికి గడువు తేదీ ఉంటుంది. కత్తి లాక్కుంటే వాడిదవుతుంది. అందుకే చూసుకోవలసింది ఆయుధం ఎంత పదునైనదన్నది కాదు. ఒక్క చేత్తో, క్షణంలో అందుతుందా, పరుగెత్తే వ్యవధి ఇస్తుందా అన్నది.

2012 ఢిల్లీ ఘటన తర్వాత, 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం స్త్రీల కోసమంటూ 'నిర్భీక్' రివాల్వర్ తెచ్చింది. ధర లక్షా ఇరవై వేలకు పైమాటే. 2019లో శంషాబాద్ 'దిశ' ఘటన తర్వాత హైదరాబాద్ మెట్రోలో పెప్పర్ స్ప్రేకి అనుమతి దొరికింది. ఘోరం జరిగిన ప్రతిసారీ మన బ్యాగుకి ఒక బరువు కలుస్తోంది.

జయప్రభ 'చూపులు' కవిత దీన్ని తలకిందులు చేస్తుంది. అందులో స్త్రీ దేన్నీ దాచుకోదు. గుచ్చే చూపుకి చూపునే ఎదురుపెడుతుంది, తన దేహమే ముల్లు కావాలనుకుంటుంది. జాబితా భయాన్ని మన దగ్గరే దాచమంటే, కవిత దాన్ని అవతలివాడి వైపు తోస్తుంది. అయితే ముళ్ళు మొలిపించుకునే పని కూడా మనదేనా? అలా కోరుకోవలసి రావడం మీదే ఆ కవిత కోపమంతా అని నాకనిపిస్తుంది.

ఈ కోపం అవసరం. 1972 నాటి మథుర కేసులో, ఒంటి మీద గాయాలు లేవు కనక ఆమె ప్రతిఘటించలేదంటూ 1978లో సుప్రీంకోర్టు పోలీసులను నిర్దోషులుగా వదిలింది. ఎదిరించనంత మాత్రాన సమ్మతించినట్టు కాదని చట్టంలో రాయడానికి 2013 దాకా పట్టింది. 'బ్యాగులో ఏం పెట్టుకున్నావు?' అనే ప్రశ్న ఘటన ముందు అడిగితే జాగ్రత్త. తర్వాత అడిగితే అదే పాత తీర్పు.

మా అమ్మాయి కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయంలో చదువుతోంది. మొన్న సెలవులకొచ్చి తిరిగి వెళ్తుంటే స్ప్రే చేతిలో పెట్టాను. పెరట్లో, గాలివాటం చూసుకుని, ఒకసారి కొట్టి చూపించమన్నాను. మా అమ్మ నాకు చెప్పనిది, ఎందుకిస్తున్నానో కూడా చెప్పాను.

"ఇది మర్చిపోయిన రోజు ఏమైనా అయితే?" అంది.

"ఆ రోజు కూడా తప్పు నీది కాదు మే" అన్నాను.