మేకు ఎవరి ఎత్తులో కొట్టాం?

మా బడిలో బీరువా మీద ఒక థర్మోకోల్ కొండ ఉంది. కొండ మీద దూది మబ్బులు, మబ్బుల కింద నీలం తళుకు పొడితో వాన, ప్లాస్టిక్ గడ్డి, పక్కన బాణం గుర్తులతో నీటి చక్రం. ఎవరో ఇచ్చింది కాదు. ఇద్దరు టీచర్లం మూడు రాత్రులు కూర్చుని చేశాం. మండల స్థాయి టీఎల్‌ఎం మేళాలో దానికి రెండో బహుమతి వచ్చింది. శాలువా కప్పారు, ఫొటో తీశారు. తిరిగి వచ్చేటప్పుడు విరక్కుండా ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాం. బడిలో దించగానే పిల్లలు మూగారు. అప్పుడు మా నోటి నుంచి వచ్చిన మొదటి మాట "ముట్టుకోవద్దు!" ఆ రోజు బీరువా ఎక్కిన కొండ మళ్లీ దిగలేదు. దుమ్ము పడకుండా కవరు కూడా తొడిగాం.

గమ్మత్తేమిటంటే మా బడి వెనకాలే నిజం కొండ ఉంది. వానాకాలంలో దాని మీదికి మబ్బు దిగడం కిటికీలోంచి కనిపిస్తుంది.

కథనీ కవితనీ విమర్శించినట్టే తరగతి గోడను కూడా చదివి విమర్శించాలని మాకు అనిపిస్తోంది. మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో పుస్తకం ఉండదు. ఒకటో తరగతిలో చేరిన పిల్లకు మొదట కనిపించే రాత బడి గోడ మీదిదే. ఆ రాత ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, అందులో ఆ పిల్ల ఉందా లేదా అని అడగాలి కదా. ముందు మా గోడనే అడుగుతున్నాం.

చేత్తో సామగ్రి చేసి పాఠం చెప్పడం మంచి ఆలోచనగానే మొదలైంది. 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక విద్యా పథకం, అందరూ ఏపీపెప్ అనేది, వచ్చింది. దాని ఆరు సూత్రాల్లో ఒకటి, పిల్లలు చేసిన పనిని గదిలో ప్రదర్శించి గదిని ఆసక్తిగా ఉంచాలని. పిల్లలు చేసిన పనిని అన్నారు, గమనించండి. తర్వాత డీపీఈపీ, ఆ పైన సర్వశిక్షా అభియాన్ కాలంలో సామగ్రి కోసం ఒక్కో టీచరుకు ఏడాదికి 500 రూపాయలు ఇచ్చారు. 500కి లెక్క చూపాలి. లెక్క చూపాలంటే బిల్లు కావాలి. ఇప్పపిక్కకు బిల్లు రాదు, వెదురు పుల్లకు రాదు, వాగు ఇసుకకు రాదు. చార్టు అట్టకు, స్కెచ్ పెన్నులకు, థర్మోకోల్‌కు వస్తుంది. అలా మన సామగ్రి అడవి దాటి ఫ్యాన్సీ షాపులోకి నడిచిపోయింది. మేళాలు వచ్చాక పిల్లలు చేసిన పని కాస్తా టీచరు చేసిన బొమ్మ అయింది. ఇప్పుడు ఫోన్లు వచ్చాయి. "గది అలంకరించి సాయంత్రంలోగా గ్రూపులో ఫొటో పెట్టండి" అని కబురొస్తుంది. ఫొటోలో గది బాగుండాలంటే పిల్లల్ని బయటకు పంపి తీయడమే సులువని మేమూ నేర్చుకున్నాం.

ఒకసారి మా గదిలో గోడ మీది మేకులు కొలిచాం. అన్నీ ఐదడుగుల పైనే. ఒకటో తరగతి పిల్ల కళ్లు నేల నుంచి మూడడుగులకు కాస్త పైన ఉంటాయి. అంటే గుమ్మంలో నిలబడ్డ ఆఫీసరుకు సరిగ్గా ఎదురుగా కనిపించే చార్టు, నేల మీద కూర్చున్న పిల్లకు తల వెనక్కి వాల్చితే తప్ప కనిపించదు. కనిపించినా అందదు. వేలుతో అక్షరం కింద నడవలేని వయసుకు మనం అందని రాత పెట్టాం. మా బడిలో ఇన్నేళ్లూ ఎవరి ఎత్తు చూసి మేకు కొట్టామో గోడే చెప్పింది.

ఎత్తు సంగతి సుత్తితో సరిచేయొచ్చు. మాట సంగతి అలా కాదు. ఇది చెప్పుకోవడానికి మాకు సిగ్గుగా ఉంటుంది, అయినా చెప్పాలి. అచ్చు చార్టులో 'ఏ' అక్షరానికి ఏనుగు బొమ్మ ఉంటే, మన పిల్లలకు ఏరు దగ్గర కదా అని మేమే ఒక కార్డు చేశాం. శబరి లాంటి నది, పడవ, కింద "ఏరు". ఇంకా ఆరేళ్లు నిండని పిల్లాడొకడు కార్డు చూడలేదు. మూలన ఉన్న కుండ వైపు చెయ్యి చూపించి "ఏరు" అన్నాడు. మేము వెంటనే "కాదు, ఏరంటే వాగు" అని దిద్దాం. వాడు చెయ్యి దించేశాడు. ఆ రోజంతా మళ్లీ మాట్లాడలేదు.

కోయలో ఏరంటే నీళ్లు. మేమిద్దరం కోయలమే. దాహమేస్తే మా అమ్మను ఏ మాటతో అడిగామో ఆ మాటను, బడి గదిలో, చేతిలో కార్డు పట్టుకుని, తప్పన్నాం. వాడు చెప్పింది తప్పు కాదని మాకు ఇంటికి నడిచి వెళ్తుంటే తట్టింది. డి.ఎడ్.లో మాకు నేర్పిన సామగ్రి పాఠాల్లో అట్ట ఎలా కోయాలో ఉంది, రంగు ఎలా వేయాలో ఉంది. పిల్ల నోట్లో అప్పటికే ఉన్న మాటను ఎలా వినాలో లేదు. 2004లో ఉమ్మడి రాష్ట్రం గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, బంజారా, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషల్లో, తెలుగు లిపితోనే, బహుభాషా విద్య మొదలుపెట్టింది. ఆ వాచకాలు వచ్చిన బడుల్లోనూ గోడ చాలావరకు తెలుగులోనే ఉండిపోయింది. పుస్తకం మారినా గోడ మారకపోతే ఏ భాష పెద్దదో పిల్లకు గోడే చెప్తుంది.

మర్నాడు ఆ కార్డును రెండుగా గీశాం. ఎడమ పక్క కుండ, కుడి పక్క వాగు. కుండ కింద "కోయలో ఏరు", వాగు కింద "తెలుగులో ఏరు". బొమ్మలు ఆ పిల్లాడితోనే వేయించాం, బొగ్గుతో. కుండ మా కుండ కన్నా బాగుంది. ఇంకో కార్డు "లోను". కోయలో ఇల్లు. తెలుగులో "లోన" అంటే లోపల. ఇల్లు గీసి, లోపల కూర్చున్న మనిషిని గీస్తే రెండు మాటలూ ఒకే బొమ్మలో ఇమిడాయి. ఇలాంటి జంటలు మన దగ్గర ఎన్నో. వాటిని మేళాలో పెడితే ఎవరూ బహుమతి ఇవ్వరు, చూడ్డానికి అంత బాగుండవు కూడా.

ఇక్కడ మన వాళ్ల మీద కూడా ఒక మాట అనాలి. ఆదివాసీ గది అనగానే విల్లంబులు, నెమలీకలు, కొమ్ముల నాట్యం చేసే మనిషి కటౌట్ పెట్టేయడం ఇప్పుడు ఫ్యాషనైంది. మేమూ పెట్టాం. ఆ కటౌట్ చూసి మూడో తరగతి పిల్ల అడిగింది, "సార్, ఈయన డోలు ఏది?" నిజమే, డోలు లేకుండా కొమ్ములు పెట్టుకుని ఎవరు ఆడతారు? మనల్ని చూడ్డానికి వచ్చేవాళ్లు మనలో ఏం చూడాలనుకుంటారో అదే గీశాం. అది కూడా ఐదడుగుల మేకుకు తగిలించిన బొమ్మే.

అడవిలో దొరికిందల్లా మంచి సామగ్రి అనుకోవడం మరో మోజు. లెక్కలకు గురివింద గింజలు అందంగా ఉంటాయని సీసాల్లో పోసి పెట్టిన బడులు చూశాం. దండలు కూడా గుచ్చిస్తారు. గురివింద గింజ విషం. పైపెంకు గట్టిది కాబట్టి మింగితే ఒక్కోసారి అలాగే బయటకు పోవచ్చు గానీ, నమిలినా, సూదితో గుచ్చి పెంకు పగిలినా ప్రమాదం. ఆరేళ్ల పిల్లల చేతికి అది ఇవ్వకూడదు. సీతాఫలం గింజ పొడి కంట్లో పడినా హానే. జిగురులో పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపే అలవాటు పుస్తకాలు కుట్టేవాళ్ల నుంచి మనకు వచ్చింది. పిల్లల గదిలో అదీ వద్దు. మైదా జిగురు ఎప్పటికప్పుడు ఉడికించుకుంటే సరిపోతుంది. చెదలు తింటే తిననీ, ఇంకో కార్డు పిల్లలే చేస్తారు. ఏడాదంతా చెక్కుచెదరని చార్టును పిల్లలు ముట్టుకోలేదనే అర్థం.

మాకు నిజంగా పనికొచ్చింది వెదురు పుల్లల కట్ట. పది పుల్లలు, అడ్డనారతో ముడి. ఇరవై మూడంటే రెండు కట్టలు, మూడు పుల్లలు. ఇరవై మూడులోంచి ఏడు తీయమంటే పిల్ల మూడు పుల్లలు తీసి ఆగిపోతుంది. తర్వాత తనే కట్ట ముడి విప్పుతుంది. ఆ విప్పడమే తీసివేతలో మనం "పదిని అప్పు తెచ్చుకోవడం" అని నోటితో చెప్పి చెప్పి అలిసిపోయేది. పాఠ్యపుస్తకంలో కూడా కట్టల బొమ్మలున్నాయి. అచ్చేసిన కట్టను ఎవరూ విప్పలేరు. ఇంకో సంగతి ఈ పుల్లల వల్లే తెలిసింది. మా పిల్లల్లో కొందరికి పది కన్నా యాభై బాగా తెలుసు. వేసవిలో అమ్మానాన్నల పక్కన కూర్చుని తునికాకు కట్టలు కడతారు, యాభై ఆకులకు ఒక కట్ట. కల్లం దగ్గర ఆకు తక్కువైందని కట్టలు పక్కన పడేస్తుంటే నోరు మూసుకుని చూసిన పిల్లలు వాళ్లు. వాళ్లకు లెక్క అంటే ఇంటికి వచ్చే డబ్బు. మేము యాభై ఆకుల కట్టతోనే గుణకారం మొదలుపెట్టాం. టీచరు చేతిపుస్తకంలో ఈ వరస లేదు.

ప్రదర్శన అన్నది మనకు కొత్త కూడా కాదు. డోలి కోయలు గట్టుల చరిత్ర, ఇలవేల్పుల కథ పాడేటప్పుడు పడిగె విప్పుతారు. త్రికోణపు గుడ్డ, దాని నిండా బొమ్మలు. ఒట్టి బొమ్మ చూస్తే కొత్తవాడికి ఏమీ తెలియదు. పాడే మనిషి ఉండాలి, వినే మనుషులుండాలి, అప్పుడు ఆ బొమ్మ కదులుతుంది. పాట అయ్యాక మడిచి దాస్తారు. మన పెద్దల దగ్గర ఇంత తెలివైన పద్ధతి ఉండగా, నోరు లేని చార్టును ఏడాది పొడుగునా వేలాడదీసి బోధన అనుకున్నాం. అలాగని పడిగెను నకలు గీసి బడిలో పెట్టమని చెప్పడం లేదు. అది వేల్పుది, విప్పే వేళ ఉంది, విప్పే మనుషులున్నారు. అలా చేసిన ఉత్సాహవంతులు కొందరున్నారు, మాకు నచ్చలేదు. మేము తీసుకున్నది బొమ్మ పక్కన మనిషి ఉండాలనే పద్ధతి ఒక్కటే. మా గదిలో ఇప్పుడు ఏ బొమ్మ పెట్టినా వేసిన పిల్ల దాని పక్కన నిలబడి చెప్పాలి. చెప్పడం అయిపోయాక నాలుగు రోజులకు దించేస్తాం.

గోడ మీద ఇప్పుడున్నది ఒక తాడు, మూడడుగుల ఎత్తులో, వెదురు క్లిప్పులతో. పాత పరీక్ష కాగితాల వెనక వైపు బొమ్మలు. పక్కన ఒక గుండ్రటి అట్ట మీద మా ఊరి ఏడాది: ఇప్పపువ్వు, మామిడి పండుగ (ఆ పండుగ కాకుండా మామిడికాయ తినం కాబట్టి పిల్లలు దాన్ని మరిచిపోరు), తునికాకు, విజ్జె పండుగ, నాట్లు, కొత్తలు. అచ్చు చార్టులోని ఆరు ఋతువులు దాని పక్కనే ఉన్నాయి, తీసేయలేదు. పరీక్షలో అవే అడుగుతారు.

ఇద్దరం ఐదు తరగతులు చూసుకోవాలి, వివరాలు అప్‌లోడ్ చేయాలి, మధ్యాహ్న భోజనం చూడాలి. ఏకోపాధ్యాయ బడుల్లో ఉన్న మిత్రులు ఇదంతా ఎప్పుడు చేయమంటారని అడుగుతారు. మూడు రాత్రులు కూర్చుని కొండ చేయడం కన్నా ఇది తక్కువ పనే. ఎక్కువ భాగం పిల్లలే చేస్తారు. కాకపోతే గది నీటుగా కనిపించదు. మొన్న వచ్చిన ఒక తనిఖీ అధికారి తాడు వైపు చూసి, "డిస్‌ప్లే ఏమీ లేదేంటి?" అన్నారు. బీరువా మీది కొండ చూపించాం. సంతోషించారు. ఆ పూట మాకూ ధైర్యం చాలలేదు.

ఇంకొకటి మాకు ఇప్పటికీ తెగలేదు. మా గదిలో కోయ పిల్లలే కాదు, ఇంట్లో తెలుగే మాట్లాడే కొండరెడ్డి పిల్లలున్నారు, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవి అంచున గూడెం వేసుకున్న గుత్తికోయల పిల్లలు నలుగురున్నారు. మేము గొప్పగా రాసుకున్న కోయ మాట కొన్నిసార్లు వాళ్లకు పరాయి మాట. అందుకని ప్రతి కార్డు కింద మూడు గీతలు గీస్తున్నాం. చేపలు పట్టే వెదురు బుట్ట కార్డు మీద మొదటి గీతలో తెలుగు మాట ఉంది, రెండో గీతలో కోయ మాట ఉంది. బొమ్మ వేసింది గుత్తికోయ పిల్లే. వాళ్ల ఇంట్లో దాన్నేమంటారని అడిగితే తల వంచుకుంది. వాళ్లమ్మ మిరప కోతలకు వెళ్లింది, ఇంకా రాలేదు. మూడో గీత ఖాళీగానే ఉంది. పెన్సిలు తాడుకే కట్టి ఉంచాం.