వెస్లీ లెక్క, గ్రోవ్స్ నమ్మకం

హైదరాబాద్ లాలాపేట్‌లో ఎక్కువమందివి నెలజీతం మీద నడిచే ఇళ్లు. ఇటు లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, అటు నాచారం పారిశ్రామికవాడ. సిరిని కాక దేవుణ్ణి నమ్ముకోమని ఆదివారం విన్న మాట ఇక్కడి విశ్వాసికి ఇంటి వాయిదా, పిల్లల ఫీజు కట్టే రోజున పరీక్షకు వస్తుంది. ఆ పరీక్షకు పనికొచ్చే పాత ఇంగ్లీషు రచనలు రెండున్నాయి. ఒకటి మెథడిస్టు ఉద్యమం నడిపిన జాన్ వెస్లీ 1760లో అచ్చువేసిన ‘ధన వినియోగం’ ప్రసంగం. మరొకటి ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ 1825లో రాసిన ‘క్రైస్తవ సమర్పణ’ అనే చిన్న పుస్తకం. రెండింటి ప్రభావమూ తెలుగు నేల దాకా వచ్చింది.

వెస్లీ లూకా 16లోని గృహనిర్వాహకుడి ఉపమానం పట్టుకున్నాడు. సంపాదించు, పొదుపు చెయ్యి, ఇచ్చెయ్యి అన్నాడు. సంపాదనకు గట్టి హద్దులు పెట్టాడు: సొంత ఆరోగ్యం చెడకూడదు, పొరుగువాడు నష్టపోకూడదు. సారా అమ్మి బతికేవాళ్లను తీవ్రంగా ఖండించాడు. ఇవ్వడానికీ వరస చెప్పాడు: ముందు ఇంటివారి అవసరాలు, తర్వాత విశ్వాసులు, ఆపైన మనుషులందరూ. అయితే మొదటి రెండు మాటలు వినేవాళ్లకు తియ్యగా ఉంటాయి, మూడోది చేదు. కష్టపడి, పొదుపు చేసి మెథడిస్టులు ధనవంతులవుతున్నారని, ధనంతోపాటు గర్వమూ పెరుగుతోందని 1786లో వెస్లీయే బాధపడ్డాడు.

గ్రోవ్స్ ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో బాగా సంపాదిస్తున్న దంతవైద్యుడు. మత్తయి 6ను ఉన్నదున్నట్టు తీసుకున్నాడు: రేపటి కోసం కూడబెట్టడమే అపనమ్మకం. మరి సొంత ఇంటివారిని పోషించనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడని పౌలు రాశాడు కదా? గ్రోవ్స్ ఈ ప్రశ్నను దాటెయ్యలేదు. పౌలు చెప్పింది విధవలను ఇప్పుడు ఆదుకోవడం గురించి, వారసులకు ఆస్తి కూర్చడం గురించి కాదన్నాడు. ఈ వ్యాఖ్యానం నాకు సరైనదే అనిపిస్తుంది. రాసినట్టే బతికాడు కూడా. వృత్తి వదిలి 1829లో బాగ్దాద్ వెళ్లాడు, 1831 ప్లేగులో భార్యను పోగొట్టుకున్నాడు, 1833లో మన దేశానికి వచ్చాడు. ఆయన ప్రేరణతో 1836లో రాతిపని చేసే విలియం బౌడెన్, చెప్పులు కుట్టే జార్జ్ బీర్ ఏ మిషన్ జీతమూ లేకుండా తెలుగు నేలకు చేరారు. నరసాపురం కేంద్రంగా ఎదిగిన గోదావరి డెల్టా మిషన్‌కు మొదలు వాళ్లే.

కానీ అదే గ్రోవ్స్ చిత్తూరులో వ్యవసాయం, పట్టుపురుగుల పెంపకం చేపట్టి నష్టపోయాడు, అప్పులపాలయ్యాడు. ఆయన పుస్తకంలో లేని పాఠం ఇది. దేవుని మీద నమ్మకం ఎంత ఉన్నా జమాఖర్చు చూసుకోక తప్పదు. ఆ పాఠం వెస్లీ దగ్గర ఉంది.

ఈ రెండు దారుల ఫలాలు చూద్దాం. వెస్లియన్ మిషనరీ చార్లెస్ పాస్నెట్ కరువు రోజుల్లో పని కల్పించి, తిండి పెట్టి మెదక్ చర్చి కట్టించాడు. అది 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. విదేశీ ధనం ఆకలిగొన్న తెలుగువాడి కంచంలోకి చేరిన పద్ధతి అది. లాలాపేట్‌కు కాస్త దూరంలో, గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర, సువార్తికుడు భక్త్ సింగ్ 1950లో హెబ్రోను సంఘాన్ని స్థాపించాడు. మనుషుల దగ్గర డబ్బు అడగకుండా వేలమందికి కూడికల్లో భోజనం పెట్టాడు. ఆయన గ్రోవ్స్ శిష్యుడు కాదు గానీ నడిచింది ఆ దారినే.

వెస్లీ మందు సంపాదన మత్తుకు, గ్రోవ్స్ మందు రేపటి భయానికి. కాబట్టి జీతం తెచ్చుకునే సంఘం వెస్లీని, కానుకల మీద బతికే సేవకుడు గ్రోవ్స్‌ను చదవాలి. ఇప్పుడు చాలా వేదికల మీద ఇది తలకిందులైంది. విత్తనం వేస్తే నూరంతలు వస్తుందంటూ పేదవాడి చేత ఉన్నదంతా ఇప్పించి, బోధకుడు తనకోసం కూడబెట్టుకుంటున్నాడు. అలాంటి వేదిక ముందు కూర్చున్నవాళ్లు కానుక వెయ్యకముందే సంఘం లెక్కల పుస్తకం చూపించమని అడగాలి.