సందేహం అడిగే నోరు: గర్భిణి–మంత్రసాని సంభాషణకు తెలుగు సాహిత్యంలో దొరికే జాడలు

తెలుగు కావ్యాల్లో గర్భిణికి కోరిక ఉంటుంది, నొప్పి ఉంటుంది. సందేహం మాత్రం ఉండదు. వేవిళ్ళ వేళ ఆమె ఏది కోరినా తెచ్చిపెట్టడానికి రాజులు సైతం పరుగెత్తుతారు. ప్రసవ సమయంలో ఆమె వేదనకు ఒకటి రెండు పద్యాల చోటు దొరుకుతుంది. ఈ రెండింటికీ నడుమ ఉన్న ఏడెనిమిది నెలల కాలంలో 'నాకు ఇలా ఉంది, ఇది ఉండవలసిన తీరేనా?' అని ఆమె తనకు పురుడు పోయబోయే స్త్రీని అడిగిన సందర్భాలు వెతికినా అరుదు. గర్భధారణపై వచ్చిన సాహిత్య విమర్శ మాతృత్వ భావన చుట్టూ ఎక్కువగా తిరిగింది. ఈ ప్రశ్నకు సాహిత్యంలో చోటు ఎందుకు దక్కలేదన్న విషయం వైపు అది అంతగా చూడలేదు. నిజానికి తల్లి ప్రాణం నిలవడమూ పోవడమూ చాలాసార్లు ఆ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది.

దోహద భావనకు మూలం వైద్యశాస్త్రంలోనే ఉంది. నాలుగో నెలలో గర్భస్థ శిశువుకు హృదయం వ్యక్తమవుతుందని, అందువల్ల గర్భిణి రెండు హృదయాలు గల 'దౌహృదిని' అవుతుందని సుశ్రుతుడు చెప్పాడు. చరకుడు గర్భిణిని నిండా నూనె పోసిన పాత్రతో పోల్చి, తొణకకుండా కాపాడాలన్నాడు. ఉపమానం గొప్పదే. అయితే ఆ పాత్రను మోసేవారికి ఇంతటి జాగ్రత్త నేర్పిన శాస్త్రం, పాత్ర తానుగా ఏమైనా చెప్పగలదా అన్న ఊహ దగ్గర ఆగిపోయింది. కావ్య సంప్రదాయం కూడా కోరికను తీసుకుని ఆందోళనను వదిలేసింది. 'రఘువంశం' తృతీయ సర్గలో సుదక్షిణ ముఖం పాలిపోతుంది, ఆమె మట్టి తింటుంది. తర్వాతి ప్రబంధ కవులకు ఈ రెండూ గర్భవర్ణనలో తప్పనిసరి అలంకారాలయ్యాయి. పాలిపోయిన చెక్కిలిని చంద్రబింబంతో పోల్చి కవి మురిసిపోయాడు. అదే చెక్కిలిని, మన్ను తినాలనే కోరికను ఈనాటి నర్సు చూస్తే వెంటనే రక్తపరీక్షకు పంపుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో సగానికి మించి రక్తహీనత ఉన్నట్లు ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) తేల్చింది. కవి చూసిన సౌందర్యమూ నర్సు చూసే ప్రమాదమూ ఒకే ముఖంలో ఉన్నాయి. దీనికి కవిని తప్పుపట్టడం కాలవిరుద్ధమే అవుతుంది. కానీ పాలిపోవడాన్ని శోభగా నేర్పిన భాషలో 'నేను పాలిపోతున్నాను' అన్న మాట ఫిర్యాదుగా వినిపించడం ఎంత కష్టమో విమర్శ గుర్తించకతప్పదు.

ఈ సంప్రదాయానికి ఒక మినహాయింపు చాలా ముందే, ద్విపదలో కనబడుతుంది. పాల్కురికి సోమనాథుని 'బసవపురాణం'లో బసవని తల్లి మాదాంబ మూడేళ్ళు గర్భం మోస్తుంది. భారం భరించలేక నందికేశ్వరుని సన్నిధికి వెళ్ళి మొరపెట్టుకుంటుంది. ఆమెకు సమాధానం కలలో వస్తుంది. భక్తి కోణం నుంచి చూస్తే ఇది అవతార కథ. గర్భిణి కోణం నుంచి చూస్తే నెలలు దాటినా కాన్పు కాని స్త్రీ తన సందేహాన్ని గడప దాటించి అడిగిన సన్నివేశం. అడగడానికి ఆమెకు దేవుడే దొరికాడు, మంత్రసాని దొరకలేదు. సమాధానం కూడా బిడ్డ ఎవరో చెబుతుందే తప్ప తల్లి శరీరం గురించి ఏమీ చెప్పదు.

స్త్రీల పాటలు ఇంతకంటే ముందుకు వెళ్ళాయి. కృష్ణశ్రీ సంకలనం చేసిన 'స్త్రీల రామాయణపు పాటలు' ఆంధ్ర సారస్వత పరిషత్తు ప్రచురణగా 1955లో వెలువడింది. ఈ పాటల ప్రపంచంపై వెల్చేరు నారాయణరావు రాసిన వ్యాసం 1991లో వచ్చింది. వాల్మీకి రామాయణంలో పుత్రకామేష్టి, పాయసం, జన్మ నక్షత్రం వంటివి ముఖ్యమైతే, పాటల్లో కౌసల్య వేవిళ్ళూ నొప్పులూ ముఖ్యమవుతాయని ఆయన చూపించారు. కౌసల్య పైనుంచి వేలాడదీసిన తాళ్ళు పట్టుకుని నిలబడి కంటుంది. చుట్టూ ఆడవాళ్ళుంటారు. పురిటిగదిని లోపలినుంచి చూసిన కళ్ళే ఆ వర్ణన చేయగలవు. అయితే ఈ పాటలకూ ఒక హద్దు ఉంది. పాడినవారు ఎక్కువగా అగ్రవర్ణ స్త్రీలు. పురుడు పోసినది తరచు మంగలి, మాదిగ కులాల స్త్రీ. పురిటి మైలను తన చేతులతో ఎత్తిపోసిన ఆమెకు తెలిసినది ఆ గదిలో మరెవరికీ తెలియదు. అయినా ఆమె తెలివి పాటలోకి మాటగా రాలేదు. ఏ పోటు నిజం నొప్పి, ఏది దొంగ నొప్పి, మాయ పడకపోతే ఏం చేయాలి వంటి జ్ఞానమంతా చేతినుంచి చేతికి వెళ్ళింది, చేతులతోనే పోయింది.

పాటలోకి రానిది సామెతలోకి వచ్చింది, అదీ వెక్కిరింతగా. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలన్న సామెతను ఇష్టంలేని పని నెత్తిన వేసుకున్నవాళ్ళను ఎత్తిపొడవడానికి వాడతారు. వృత్తి బాధ్యతకు ఇంతకంటే గట్టి నిర్వచనం దొరకడం కష్టమన్న సంగతి ఆ నవ్వులో పోయింది. రెండో సామెత మరింత హానికరం: 'కడుపుతో ఉన్నమ్మ కనక మానదు, వండినమ్మ తినక మానదు.' జరగవలసినది జరిగే తీరుతుందని ధైర్యం చెప్పే మాట ఇది. దీన్ని ఇంట్లో ఎవరు ఎవరితో అంటారన్నదే చూడవలసిన విషయం. కాళ్ళు పొంగాయని కోడలు చెప్పినప్పుడు అత్త నోట వచ్చే 'మామూలే' అన్న జవాబుకు ఈ సామెత పెద్దక్క. మామూలు అన్న అరబ్బీ మాటకు తెలుగులో రెండు బతుకులున్నాయి. ఒకటి సాధారణమని, రెండోది ఆసుపత్రి గుమ్మాల్లో చేతిలో పెట్టేదని. గర్భిణికి రెండూ ఎదురవుతాయి.

అనకాపల్లి ప్రాంతాన్ని ఇక్కడ ఉదాహరణగా తీసుకోవడానికి తగిన కారణముంది. ఆధునిక తెలుగు సాహిత్యానికి ప్రజల నోటిమాటను ప్రమాణం చేసిన గురజాడ అప్పారావు 1862లో పుట్టిన ఎస్.రాయవరం నేటి అనకాపల్లి జిల్లాలోనే ఉంది. అది ఆయన మేనమామ ఊరు. తొలి కాన్పుకు పుట్టింటికి రావడమన్న ఆచారం వల్ల ఎందరో తెలుగు రచయితల జన్మస్థలాలు తల్లుల ఊళ్ళయ్యాయి. సాహిత్య చరిత్రలు ఆ ఊళ్ళను రచయిత ఖాతాలో వేసి తల్లిని అక్కడే వదిలేస్తాయి. పుట్టింటి పురుడుకు భాషాపరమైన అర్థం కూడా ఉంది. అత్తగారికి చెప్పలేనిది తల్లికి చెప్పుకోవచ్చు.

'చెప్పుకోవచ్చు' అన్న ఈ రూపం దగ్గర ఆగాలి. తెలుగులో బాధను చెప్పుకుంటారు, సందేహాన్ని అడుగుతారు. 'కొను' చేరిన క్రియలో చెప్పేవారి మేలు, ఎదుటివారి దయ రెండూ ఇమిడి ఉంటాయి. 'అడుగు' అనేసరికి జవాబు చెప్పవలసిన బాధ్యత ఎదుటివారి మీద పడుతుంది. అనకాపల్లి చుట్టుపట్ల మాటతీరులో గర్భిణి మొదట పలికే వాక్యం తరచు 'ఏటోనాగుంది' అన్నది. ఇందులో లక్షణం పేరు లేదు, అవయవం పేరు లేదు, ప్రశ్న కూడా లేదు. కానీ అనుభవమున్న మంత్రసానికి అది చాలు. 'ఏటి, తలపోటా? కళ్ళు బైర్లు కమ్ముతున్నాయా? బిడ్డ కదుల్తున్నాదా?' అని ఆమె అందులోనుంచి ఒక్కొక్క పోగూ లాగుతుంది. ముఖమూ చేతులూ పొంగడం, విడవని తలపోటు, చూపు మసకబారడం కలిసి వస్తే ఊరివాళ్ళు గుర్రపువాతం అనే ప్రాణాంతకమైన మూర్ఛకు అవి ముందు సూచనలు. ఆ మూర్ఛ రాకముందే రక్తపోటు చూస్తే తల్లినీ బిడ్డనూ దక్కించుకోవచ్చు. అంటే 'ఏటోనాగుంది'కీ గుర్రపువాతానికీ నడుమ ఉన్నది ఒక సంభాషణ.

ఆ సంభాషణ జరగవలసిన చోటు ఇప్పుడు మారిపోయింది. ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. వాటితోపాటు శస్త్రచికిత్స కాన్పులు 42 శాతానికి చేరాయి. రోలుగుంట, రావికమతం మండలాల కొండ గూడేలనుంచి గర్భిణులను డోలీలో మోసుకొచ్చిన వార్తలు ఇంకా వస్తూనే ఉన్నా, మైదానంలో మంత్రసాని దాదాపు కనుమరుగైంది. ఆమె స్థానంలో వచ్చిన ఏఎన్ఎం పేరులో చివరి 'ఎం' మిడ్‌వైఫ్ అనే మాటకు పొడి అక్షరం. ఊరు మాత్రం ఆమెను 'నర్సమ్మగోరు' అంటుంది. 'గోరు' చేరగానే 'ఏటోనాగుంది' సగం గొంతులోనే ఆగిపోతుంది. గర్భిణి చేతికి ఇచ్చే తల్లీబిడ్డల సంరక్షణ కార్డులో ప్రమాద సూచనలు బొమ్మలతో సహా ఉన్నాయి. రక్తస్రావం, తీవ్ర జ్వరం, మూర్ఛ, ఒళ్ళంతా వాపు, నొప్పులు రాకుండానే ఉమ్మనీరు పోవడం అన్నవి అవి. వైద్యపరంగా లోపం లేని పాఠమే. కానీ అది ఆమె చదవవలసిన పాఠమే తప్ప ఆమె పలకవలసిన పాఠం కాదు. ప్రతి సూచనా నామవాచకంగా ఉంటుంది. అనుభవం ఆమెకు క్రియగా వస్తుంది.

1980ల చివర, 90ల మొదట్లో స్త్రీవాద కవిత్వం ఈ మౌనాన్ని బద్దలు కొట్టింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' ప్రసవాన్ని మాతృత్వ మహిమగా కాక ఒక గదిలో ఒక శరీరానికి జరిగే సంఘటనగా చూపింది. పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' ఇంకో గదిని తెరిచింది. ఇవి తెలుగు కవిత్వ దిశను మార్చిన రచనలని వేరే చెప్పనక్కర్లేదు. అయితే రెండూ ఒంటరి స్వరాలు. అడిగేవారూ జవాబు చెప్పేవారూ ఎదురెదురుగా కూర్చున్న రూపం కవిత్వంలో రాలేదు. ఆ రూపం ఒక ఆరోగ్య గ్రంథంలో వచ్చింది.

'సవాలక్ష సందేహాలు: స్త్రీలు, ఆరోగ్య సమస్యలు' 1991లో వెలువడింది. వైద్యులూ వైద్యులు కాని కార్యకర్తలూ కలిసి చేసిన ఈ పుస్తకాన్ని గ్రంథాలయాలు వైద్య విభాగంలో పెట్టాయి, సాహిత్య చరిత్రలు అసలు ఎక్కడా పెట్టలేదు. అమెరికాలో బోస్టన్ మహిళల బృందం 1970లలో తెచ్చిన 'అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్' దీనికి ముందు నడిచినది. తెలుగు పుస్తకం ప్రత్యేకత పేరులోనే తెలుస్తుంది. 'నీకు సవాలక్ష సందేహాలు' అన్నది తెలుగిళ్ళలో ఎక్కువగా అడిగేవాళ్ళ నోరు మూయించే విసుగుమాట. పిల్లలనూ ఆడవాళ్ళనూ ఉద్దేశించే ఆ మాట ఎక్కువగా వాడతారు. సంపాదకులు ఆ విసుగునే అట్టమీద పెట్టారు. ప్రబంధ నాయిక దౌహృదంలో, సామెతలోని కోడలి మౌనంలో అణిగిపోయిన ప్రశ్నకు ఇక్కడ తొలిసారి పుస్తకమంత చోటు దొరికింది. సాహిత్య సంఘటన అనడానికి ఇది చాలు. కేసరి మద్రాసు నుంచి 1928లో ప్రారంభించిన 'గృహలక్ష్మి' నాటినుంచీ తెలుగు పత్రికలు స్త్రీలకు ఆరోగ్యం బోధిస్తూనే ఉన్నాయి. ఆ బోధలో వైద్యుడు మాట్లాడతాడు, పాఠకురాలు వింటుంది. 'సవాలక్ష సందేహాలు' ఆ వరుసను మార్చి, అడిగేవారి అనుభవాన్ని జ్ఞానానికి ఒక ఆధారంగా నిలబెట్టింది.

ఈ పుస్తకానికీ పరిమితి లేకపోలేదు. హైదరాబాదులో రూపొందిన గ్రంథం కాబట్టి దాని భాష పత్రికలు అలవాటు చేసిన ప్రమాణ భాషకు దగ్గరగా ఉంటుంది. 'ఏటోనాగుంది' అన్న స్త్రీ ఈ పుస్తకంలో తన ప్రశ్నను గుర్తుపట్టాలంటే మధ్యలో చదివి వినిపించే మనిషి ఒకరు కావాలి. రావిశాస్త్రి కథల్లో కల్లుపాకలూ కోర్టుగుమ్మాలూ ఈ మాటతీరుతో నిండిపోయాయి. పురిటిగదికి ఆ అదృష్టం పట్టలేదు.

చదివి వినిపించే ఆ మనిషి గురించి ప్రభుత్వాలు ఇటీవల మళ్ళీ ఆలోచించాయి. తెలంగాణలో 2017లో కరీంనగర్ కేంద్రంగా ఫెర్నాండెజ్ ఫౌండేషన్ తోడ్పాటుతో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. కేంద్ర ప్రభుత్వం 2018 డిసెంబరులో జాతీయ మార్గదర్శకాలు విడుదల చేసింది. శిక్షణలో గర్భిణి మాట వినడం, ఆమె భయాలకు జవాబు చెప్పడం భాగం. ఈ కొత్త వృత్తికి తెలుగులో మంత్రసాని అన్న పేరు పెట్టడానికి ఎవరూ సాహసించలేదు. 'మిడ్‌వైఫ్' అన్నదే వాడుకలో ఉంది. శతాబ్దాల మైల అంటిన మాటను విద్యావంతురాలైన నర్సు మోయాలని కోరడం న్యాయం కాదన్నది అర్థమయ్యే విషయమే. కానీ ఆ మాటతోపాటు దాని వెనుక ఉన్న వినే పద్ధతి కూడా పరాయి పేరు కింద కొత్తగా కనిపెట్టినట్టు ప్రచారం కావడం ఆలోచించదగినది.

'సవాలక్ష సందేహాలు' ఆధారంగా తయారైన ఇంగ్లీషు పుస్తకాన్ని 2004లో పెంగ్విన్ ప్రచురించింది. దాని పేరు 'టేకింగ్ చార్జ్ ఆఫ్ అవర్ బాడీస్'. తెలుగులో ఆ స్త్రీ అడుగుతున్నది. ఇంగ్లీషుకు వెళ్ళేసరికి ఆమె తన శరీరాన్ని స్వాధీనం చేసుకున్నది. రెండు పేర్లలో ఇంగ్లీషుదే ఎక్కువ రాజకీయ స్పష్టత ఉన్నదిగా కనిపించవచ్చు. అయితే నెలలు నిండిన స్త్రీ రాత్రివేళ నర్సమ్మ తలుపు తట్టేటప్పుడు ఆమె చేతిలో ఉండేది ఏ పేరున్న పుస్తకమో ఊహించడం కష్టం కాదు.