నిలువురాళ్లు – నింగి లెక్కలు

నారాయణపేట జిల్లా ముడుమాల్ గ్రామ శివారులో, కృష్ణానదికి సమీపాన, సుమారు 80 ఎకరాల నేలపై నిలువురాళ్లు పరచుకొని ఉన్నాయి. 10 నుంచి 14 అడుగుల ఎత్తున్నవి దాదాపు 80. వరుసలు తీర్చిన చిన్న రాళ్లు 3,000 వరకు ఉంటాయని అంచనా. 2025లో ఈ స్థలం యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యులు కె.పి. రావు చాలాకాలంగా ప్రతిపాదిస్తూ వచ్చిన ఖగోళ వాదమే ఈ స్థలానికి ప్రఖ్యాతి తెచ్చింది. విషువత్తులలోను, అయనాంతాలలోను సూర్యోదయ సూర్యాస్తమయాలకు ఈ రాతివరుసలు సూటిగా ఉన్నాయనీ, ఒక రాతిపై తొలిచిన 30 గుంటలు సప్తర్షి మండలాన్ని చూపుతున్నాయనీ ఆ వాదం సారాంశం. ఇది ఆకర్షణీయమైన వాదం. అందువల్లనే దీనిని మరింత జాగ్రత్తగా పరీక్షించవలసి ఉన్నది.

పెద్దరాళ్ల నిర్మాణాలను మామూలు మనుషులు కట్టారంటే నమ్మడం ఏ కాలం వారికైనా కష్టమే అయినట్లు కనిపిస్తుంది. తెలుగు పల్లెల్లో వాటికి రాక్షసగుళ్లు, పాండవగుళ్లు అని పేర్లు. ఇంగ్లండులో 12వ శతాబ్దపు జెఫ్రీ స్టోన్‌హెంజ్‌ను మెర్లిన్ మాంత్రికుని ఖాతాలో వేశాడు. సురపురంలో ఆంగ్లేయ అధికారిగా ఉండిన మెడోస్ టేలర్ దక్కను సమాధులను ఓపికగా తవ్వించి, కొలిపించి, విభూతిహళ్లి రాతివరుసలను లోకానికి పరిచయం చేశాడు. ఆయన కృషి అమూల్యం. అయినా తన వ్యాసానికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు వాటిని కెల్టిక్, డ్రూయిడ్ లేక సిథియన్ కట్టడాలన్నాడు. రాయి దక్కనుది, కట్టినవాడు మాత్రం పరాయివాడు! 1968లో ఎరిక్ ఫాన్ డానికెన్ గ్రహాంతరవాసులను దింపినప్పుడు మారినది పాత్రలే, కథ పాతదే.

ఖగోళ వాదం ఈ కోవలోనిది కాదు. అది ప్రాచీనులను తక్కువ చేయదు. అయితే దానికి మరొక ప్రమాదం ఉన్నది. 1963లో జెరాల్డ్ హాకిన్స్ కంప్యూటరు సాయంతో స్టోన్‌హెంజ్‌లో సూర్యచంద్రుల రేఖలను లెక్కగట్టగా, అక్కడ తవ్వకాలు జరిపిన పురావస్తువేత్త అట్కిన్సన్ 1966లో ఆ లెక్కల సంభావ్యతనే ప్రశ్నించాడు. ఆ ప్రశ్న ముడుమాల్‌కూ వర్తిస్తుంది. 80 రాళ్లలో ఏ రెండింటిని కలిపినా ఒక రేఖ వస్తుంది. అటువంటి జతలు 3,160. ఈ అక్షాంశం వద్ద విషువత్తుకు ఒకటి, రెండు అయనాంతాలకు రెండు, మొత్తం మూడు రేఖలే గణనకు వస్తాయి. వేసవి అయనాంతపు ఉదయరేఖే శీతకాలపు అస్తమయరేఖ కూడా కావడమే ఇందుకు కారణం. ఇటు ఒక డిగ్రీ, అటు ఒక డిగ్రీ వెసులుబాటు ఇస్తే, కళ్లు మూసుకొని పాతిన రాళ్లలో సైతం 100కు పైగా జతలు సూర్యుని దిక్కు చూపుతాయి. కనుక పొసగిన రేఖలను మాత్రమే చూపితే చాలదు. పొసగని వాటి సంఖ్య కూడా చెప్పినప్పుడే వాదం నిలుస్తుంది. కర్ణాటకలోని బైసె, నిలస్కల్ స్థలాల్లో శ్రీకుమార్ మీనన్, మయాంక్ వాహియా మొదలైనవారు ఈ దారినే నడిచారు. అక్కడ అయనాంతాలతో పొందిక కనిపించింది కూడా.

సప్తర్షుల రాయి విషయం ఇంకా సున్నితమైనది. దానిపై క్రతువు, పులహుడు అనుకొన్న రెండు గుంటలను కలిపే గీత ధ్రువనక్షత్రం వైపు సాగుతుందని అంటారు. ఈనాటి ఆకాశానికి ఇది సరిపోతుంది. కాని స్థలం వయస్సు 3,500 ఏళ్లని చెప్పినప్పుడు చిక్కు వచ్చిపడుతుంది. అయనచలనం వల్ల ఖగోళ ధ్రువం సుమారు 26,000 ఏళ్లకొకసారి వలయం తిరుగుతుంది. ఆనాడు అది నేటి ధ్రువతారకు దాదాపు 19 డిగ్రీల దూరాన ఉండేది. ఆ తార అప్పుడు ఉత్తర దిక్కున కదలక నిలిచినది కాదు, మిగతా చుక్కలతోపాటు తిరిగేదే. అంతమాత్రాన గుంటలు సప్తర్షులవి కావని చెప్పడానికి వీలులేదు. ధ్రువుని ప్రసక్తి లేకుండానే ఆ మండలాన్ని చూసి రాత్రి జామును, ఋతువును గుర్తించవచ్చు. బలమైన వాదానికి బలహీనమైన తోక తగిలించడం మేలు కాదు.

ఎలా కట్టారన్న ప్రశ్నకు ఇంత తడుములాట లేదు. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 40 టన్నులకు పైబడిన కప్పుబండ ఉన్న సమాధిని రాష్ట్ర పురావస్తు శాఖ 2017లో తవ్వింది. బండపై మంట పేర్చి, వేడికి విచ్చిన పొరను పలుగులతో లేపే పని దక్కను రాతిపనివారికి కొత్తది కాదు. మోకులు, మొద్దులు, ఏటవాలు మట్టికట్ట, ఒకే పిలుపుకు కదిలే జనం: ఇవి చాలు. నాగా కొండల్లో రాళ్లను బల్లబండిపై ఈడ్చి నిలిపే తీరును హట్టన్ 1922లో వర్ణించాడు. అక్కడ ఊరందరికీ విందు పెట్టగలిగినవాడే రాయి నిలిపేవాడు. ఒడిశాలోని గదబలు, బొండోలు చనిపోయినవారికై రాళ్లు పాతే ఆచారాన్ని ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1943లో పరిశీలించాడు. గదబలు ఆంధ్రప్రదేశ్ మన్యంలోనూ ఉన్నారు. ముడుమాల్‌కు అర్థం వెదికేవారు స్టోన్‌హెంజ్ వరకు వెళ్తున్నారు గాని, ఇంత దగ్గరి సాక్షుల వద్ద ఆగడం అరుదు. మృతులకోసం నిలిపిన రాయి సూర్యోదయానికి ఎదురుగా ఉండకూడదన్న నియమమేదీ లేదు. రెండు వాదాలకూ ఒకే చోటున తావున్నది.

ఇది పండితుల మధ్య వివాదంగా మాత్రమే మిగిలే విషయం కాదు. తాత్కాలిక జాబితా తొలిమెట్టే. పూర్తి ప్రతిపాదన పంపినప్పుడు ఐకోమాస్ నిపుణులు ఇతర స్థలాలతో పోలిక అడుగుతారు. కొప్పళ జిల్లా హిరేబెణకల్ 2021 నుంచే తాత్కాలిక జాబితాలో ఉన్నది. అక్కడి వందలాది రాతిగూళ్లు ఏ ఖగోళ వాదం అవసరం లేకుండానే తమ విలువను చాటుతున్నవి. ముడుమాల్ ప్రతిపాదన అంతా వేధశాల అన్న ఒక్క మాటపై నిలబడితే, ఆ మాట తడబడిన రోజున పొలాల మధ్యనున్న రాళ్లకు దిక్కేది? సాగుకు అడ్డమని ఇప్పటికే కొన్నింటిని పెకలించారు. మిగిలినవాటిలో ఒకదానిని ఎల్లమ్మగా కొలుస్తున్నారు. నిలువురాళ్ల తిమ్మప్ప అన్న పేరూ ఊరివారి నోట ఉన్నది. వరుసల పటం, ప్రతి రాయి కొలత, పెకలించిన వాటి గుంతల ఆనవాళ్లతోపాటు ఈ పేర్లు కూడా ఆ ప్రతిపాదనలో చేరవలసి ఉన్నది.